పాత ఆంటీ బాడీ

"పాత ఆంటీ బాడీ వచ్చేసిందట!"

దుర్గాంబ గారు ఫోన్ పెట్టేసి ఈ మాట అనగానే, పేపరు చదువుతున్న భీమేశ్వరరావు గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. చావు కబురు కళ్లజోడుతో వినకూడదని రూలేమీ లేదు. కానీ జన్మంతా కేంద్ర ప్రభుత్వంలో పనిచేసిన మనిషి. సంతాపానికైనా ఒక పద్ధతి ఉండాలంటారు.

"ఎవరు చెప్పారు?"

"సువార్త. హాస్పిటల్ నుంచి. పాత ఆంటీ బాడీ వచ్చేసింది, ఇంట్లో ఉంచరు, తొందరగా వచ్చేయండి అంది. మిగతాది ఈ దిక్కుమాలిన జనరేటర్ మింగేసింది."

పేరేమో సువార్త, తెచ్చిందేమో దుర్వార్త. నరసాపురం వైపు పిల్ల, వైశాలిలో ఒక ఆసుపత్రిలో నర్సు. మా ఇందిరాపురం తెలుగువాళ్లలో ఎవరికి ఒంట్లో నలత చేసినా ముందు ఆమెకే ఫోన్. ఇక జనరేటర్ సంగతంటారా, ఉత్తరప్రదేశ్ కరెంటు పేరుకే ఉత్తర, నిజానికి ఉత్తది. రోజులో సగంసేపు ఉండదు. అది పోగానే బాల్కనీకో జనరేటర్ చొప్పున మా అపార్ట్‌మెంట్ మొత్తం హోరెత్తుతుంది. అప్పుడు ఫోన్‌లో పెళ్లి కబురు చెప్పినా పెద్దకర్మ కబురులాగే వినిపిస్తుంది.

నేను పై ఫ్లాట్‌వాణ్ని. రఘురామ్‌కి జ్వరం ఎలా ఉందో కనుక్కుందామని దిగాను. దిగినవాణ్ని దిగులులో దిగబడ్డాను.

రఘురామ్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. నోయిడాలో కాల్ సెంటర్ ఉద్యోగం. రాత్రంతా అమెరికావాళ్ల క్రెడిట్ కార్డుల గొడవలు తీర్చి, పగలంతా నిద్రపోతాడు. వారం నుంచి జ్వరం. ఆ ఏడాది, అంటే రెండువేల ఆరు అక్టోబరులో, ఢిల్లీలో జ్వరమంటే డెంగ్యూయే. ఏ ఆసుపత్రికి వెళ్లినా డెంగ్యూ క్యూ. దుర్గాంబ గారు మాత్రం బెదరలేదు.

"వాడికి చిన్నప్పుడే వచ్చి పోయిందండీ డెంగ్యూ. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండగా. ఒకసారి వచ్చిందంటే ఒళ్లు గట్టిపడిపోతుంది. అమ్మవారు రెండోసారి పోస్తుందా ఎవరికైనా? ఇదీ అంతే," అని ఎవరు అడిగినా ధీమాగా చెప్పేవారు.

ఆ పొద్దున్నే జ్వరం దిగింది. అయినా సువార్త పోరు పడలేక తండ్రీకొడుకులు వెళ్లి పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చారు. కడుపులో నొప్పిగా ఉందన్నాడు రఘు. ఆసుపత్రి క్యాంటీన్ సమోసా మీద నెపం వేసి, వాళ్లమ్మ వాము నీళ్లు ఇచ్చింది. తాగి పడుకున్నాడు. జ్వరం అనే మాటలోనే వరం ఉంది, వాడికి వరమిచ్చి పోయింది అని నేను కూడా ఒక మాట విసిరాను. అందరం నవ్వుకున్నాం.

ఇంతకీ సువార్త ఫోన్‌లో అన్న మాట ఇది. మాకు తర్వాత తెలిసింది గానీ, మీకు ఇప్పుడే చెప్పెయ్యడం ధర్మం.

"ఆంటీ, రఘుకి కొత్త యాంటీబాడీ ఇంకా రాలేదు. పాత యాంటీబాడీ వచ్చేసింది. డాక్టర్ గారు కంగారు పడుతున్నారు. ఇంట్లో ఉంచొద్దు, తొందరగా తీసుకొచ్చేయండి."

దానికి దుర్గాంబ గారు "అయ్యో, ఇప్పుడే బయల్దేరుతున్నాం తల్లీ," అని పెట్టేశారు. చెప్పినావిడకి చెప్పానన్న తృప్తి, విన్నావిడకి విన్నానన్న తృప్తి. మధ్యలో ఆ కబురు ఎవరి గురించో ఆ కుర్రాడు, లోపలి గదిలో ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు.

పాత ఆంటీ అంటే ఎవరని మాలో ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు. ఎదురు ఫ్లాట్ సొంతదారు కనకమహాలక్ష్మి గారు. విశాఖపట్నం మనిషి, గుండె జబ్బు, గొంతు మాత్రం లౌడ్‌స్పీకర్. ఆవిడ ఫ్లాట్ అద్దెకిచ్చి ఫరీదాబాద్‌లో తమ్ముడు సదాశివరావు ఇంటికి మారిపోయాక, మా మెట్ల మీద పిల్లలు ఆవిణ్ణి పాత ఆంటీ అనీ, అద్దెకొచ్చిన స్వరూపని కొత్త ఆంటీ అనీ పిలవడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ల నోళ్లలోనూ అదే నిలిచింది. పోయిన నెల కనకమహాలక్ష్మి గారి గుండె మొరాయిస్తే చేర్చిందీ సువార్త ఉన్న ఆసుపత్రిలోనే. ఇంకేం కావాలి? అన్నీ కలిశాయి.

"ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కుందామా?" అన్నాను.

"చావింటికి ఫోన్ చేసి ఏమని అడుగుతారండీ, పోయారా అనా?" అంది దుర్గాంబ గారు.

అయినా భీమేశ్వరరావు గారు చేశారు. ఎంగేజ్డ్. మళ్లీ చేశారు. ఎంగేజ్డ్.

"పాపం, అందరికీ చెప్పుకుంటున్నారు కాబోలు," అని, తనూ ఆ పనికి పూనుకున్నారు. ఆర్.కె.పురానికి, మయూర్ విహార్‌కి, ఎక్కడెక్కడి తెలుగువాళ్లకో ఫోన్లు. ఆఫీసులో ఆయన చేతిలో ఫైలు నెలల తరబడి కదిలేది కాదంటారు. ఈ కబురు మాత్రం నిమిషాల్లో యమున దాటింది.

"వాణ్ని లేపనా?" అన్నారాయన, కొడుకు గది వైపు చూసి.

"ఎందుకు పాపం! నైట్ షిఫ్ట్ వాడు పగలు పడుకోకపోతే వింత గానీ పడుకుంటే ఏం వింత? జ్వరం తగ్గిన నిద్ర, పడుకోనీండి." తలుపు సందులోంచి తొంగి చూసి, దుప్పటి సరిచేసి వచ్చిందావిడ. "ఒళ్లు చల్లగా ఉంది," అని కూడా అంది. సంతోషంగా అంది.

తాళంచెవి కింద గార్డుకిచ్చి నా మారుతిలో బయల్దేరాం. దారిలో ఒక గులాబీల దండ కొన్నాం. నోయిడా దాటి, కాళిందీ కుంజ్ దాటి, బదర్‌పూర్ బార్డర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కున్నాం. ఫరీదాబాద్ అనే పేరులో బాధ ఎందుకు వినిపిస్తుందో తెలియాలంటే ఆ రోజుల్లో ఆ బార్డర్ దాటి చూడాలి. వెనక సీట్లో దుర్గాంబ గారు దండ ఒళ్లో పెట్టుకుని, కనకమహాలక్ష్మి గారి మంచితనాన్ని ఒక్కొక్కటే తలుచుకుని ఏడుస్తున్నారు. పూర్వం ఆవిడ అప్పుగా తీసుకుని తిరిగివ్వని కుక్కర్ గాస్కెట్ కూడా ఆ దుఃఖంలో మాఫీ అయిపోయింది.

సెక్టార్‌లో ఇల్లు పట్టుకున్నాం. గుమ్మం ముందు చెప్పులు లేవు. జనం లేరు. లోపలి నుంచి టీవీ మోత.

"తీసుకుపోయినట్టున్నారు," అని గొణిగారు భీమేశ్వరరావు గారు. బెల్ కొట్టాను.

తలుపు తీసింది కనకమహాలక్ష్మి గారు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఉన్నారు. "ఉండవే, ఎవరో వచ్చారు," అని ఫోన్‌లోకి అరిచి మమ్మల్ని చూశారు, దండని చూశారు, దుర్గాంబ గారి ఏడుపు మొహం చూశారు.

"ఓలమ్మ! దండెవరికే?"

దుర్గాంబ గారు దండని కొంగు చాటుకి లాక్కుంది. చివరికి తెగించి అంది. "మీరు... బాడీ వచ్చిందని..."

"నా బాడీ నాతోనే ఉందే. ఎక్కడికెళ్తుంది?"

"సువార్త ఫోన్ చేసిందండీ. పాత ఆంటీ బాడీ వచ్చేసింది, ఇంట్లో ఉంచరు, తొందరగా రండి అని."

కనకమహాలక్ష్మి గారు ఫోన్ పెట్టేశారు. ఒక క్షణం నవ్వబోయారు. మళ్లీ ఏదో తట్టినట్టు ఆగిపోయారు.

"నేను పోతే మా తమ్ముడు చెప్తాడు గానీ ఆ నర్సు పిల్ల చెప్పడమేంటే? నేనక్కడ లేను కదా ఇప్పుడు. ఆ పిల్ల మీకెందుకు చేసింది? మీ ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"రఘుకి జ్వరం. తగ్గిపోయిందిలెండి. పొద్దున్నే రక్తం..."

దుర్గాంబ గారి చేతిలోంచి దండ జారి గుమ్మంలో పడింది. ఎవరూ తియ్యలేదు.

ఇంటికి ఫోన్ చేశాం. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ మోగింది, ఆగింది. సువార్త మొబైల్ ఎవరూ ఎత్తలేదు. ఆసుపత్రి నంబరు ఎవరి దగ్గరా లేదు.

"స్వరూపకి చెయ్యవే. ఎదురుగానే కదా ఉంది. నంబరు నా దగ్గరుంది," అన్నారు కనకమహాలక్ష్మి గారు.

దుర్గాంబ గారు తటపటాయించింది. ఎందుకో మా మెట్లన్నిటికీ తెలుసు. రఘుకి జ్వరం రాగానే ఈవిడ వెళ్లి, స్వరూప బాల్కనీలో కూలర్ నిలవ నీళ్లని చూపించి, నీ కూలర్ దోమే మా వాణ్ని కుట్టింది అని రచ్చ చేసి వచ్చింది. ఆ రోజు నుంచి ఎదురెదురు తలుపులు ఎడమొహం పెడమొహం. కూలర్ వల్ల ఇద్దరి మధ్యా పుట్టింది మాత్రం వేడే.

నంబరు కలిపి చేతికిచ్చారు.

"స్వరూపా, నేనమ్మా, ఎదురింటి దుర్గాంబని."

"కూలర్ల నీళ్లు మొన్ననే పారబోసిన. ఇగ దోమలుంటే నావి గావు," అంది స్వరూప. కరీంనగర్ మనిషి, ఏదైనా సూటిగా అంటుంది.

"కూలర్ కాదు తల్లీ. మా వాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. ఫోన్ ఎత్తడం లేదు. తాళంచెవి గార్డు దగ్గరుంది. నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి చూడవూ..."

"గట్లంటవేంది అక్కా? పెట్టెయ్ ఫోన్, పోతున్న."

ఆ ఫోన్ చుట్టూ మేం నలుగురం నిలబడ్డాం. టీవీలో ఎవరో వంట నేర్పుతున్నారు. కట్టేద్దామని కూడా ఎవరికీ తోచలేదు. నిమిషాలకీ గంటలకీ తేడా తెలియకుండా గడిచాక ఫోన్ మోగింది.

"అక్కా, పోరడు లేసిండు గని నిలవడతలేడు. చేతులు మంచుగడ్డల లెక్కున్నయి. పెదాలు తెల్లగ పాలిపోయినయి. గార్డు భయ్యా, నేను కలిసి ఆటోల ఏస్కపోతున్నం. సువార్త దవాఖానకేగా? సరే, నువ్వు ఏడ్వకు. మాట్లాడుతుండు. అమ్మ ఏదని అడుగుతుండు."

తిరిగి వచ్చేటప్పుడు బదర్‌పూర్ దగ్గర మళ్లీ అవే లారీలు. తమ్ముడు వాళ్లు ఊళ్లో లేరని ఇంటికి తాళం వేసి కనకమహాలక్ష్మి గారు కూడా మాతో ఎక్కారు, వద్దన్నా వినకుండా. దారి పొడుగునా దుర్గాంబ గారు ఒకే మాట అంటూ కూర్చుంది. "ఒళ్లు చల్లగా ఉంది అన్నాను. నా చేత్తో ముట్టుకుని అన్నాను."

ఆసుపత్రికి వెళ్లేసరికి రఘు ఐసీయూలో ఉన్నాడు. అద్దంలోంచి చూశాం. రెండు చేతులకీ సెలైన్. పక్కనున్న మెషిన్‌లో ఏవో అంకెలు. స్వరూప బయట బల్ల మీద కూర్చుని ఉంది, చెప్పులు కూడా లేకుండా వచ్చేసింది. కొత్త యాంటీబాడీ రాలేదన్నారు గానీ, కొత్త ఆంటీ మాత్రం వచ్చింది. ఈ మాట నేను ఆ పూట పైకి అనలేదు.

డాక్టర్ ఒక చిన్న వయసు అమ్మాయి. కళ్ల కింద నల్లటి చారలు. హిందీలో గబగబా చెప్పుకుపోయింది. అందులో ఒక మాట దగ్గర దుర్గాంబ గారు ఉలిక్కిపడింది.

"పురానీ ఎంటీబాడీ."

"పాత బాడీయా? ఏ బాడీ?" అంది. పక్కనే సువార్త నిలబడి ఉంది. ఆమె వైపు తిరిగింది. "ఇందాక ఫోన్‌లో నువ్వు చెప్పింది ఇదా?"

"ఇదే ఆంటీ. మీరు అయ్యో, ఇప్పుడే బయల్దేరుతున్నాం అన్నారు కదా. అయ్యో ఎందుకన్నారా అనుకున్నాను. మంచం సిద్ధం చేసి కూర్చున్నాం. మీరెంతకీ రాకపోతే మళ్లీ చేశాను. ఎవరూ ఎత్తలేదు. అంతలో ఎమర్జెన్సీలోకి వెళ్లాను, మొబైల్ బ్యాగులో ఉండిపోయింది." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "తెలుగులో చెప్పి ఉండాల్సింది. దానికి తెలుగులో ఏమంటారో నాకు గుర్తు రాలేదు ఆంటీ."

"మావాడికి చిన్నప్పుడే వచ్చి పోయింది కదమ్మా. మళ్లీ ఎలా వచ్చింది? ఒకసారి వస్తే ఒళ్లు గట్టిపడదా?"

డాక్టర్ ఆ ప్రశ్న వినడానికి కూర్చుంది. చెప్పింది చెప్పినట్టు సువార్త తెలుగు చేసింది. ఒంట్లోకి రోగం తెచ్చే క్రిమి వస్తే, ఒళ్లు దాని మొహం గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తుతో కొన్ని కాపలావాళ్లని తయారుచేసుకుంటుంది. అవే యాంటీబాడీలు. అదే క్రిమి మళ్లీ వస్తే గుమ్మంలోనే పట్టుకుని పడేస్తాయి. మీరన్నది చాలా జబ్బుల్లో నిజమే. కానీ డెంగ్యూలో నలుగురు అన్నదమ్ములున్నారు. అందరివీ ఒకే పోలికలు. చిన్నప్పుడు వచ్చినవాడొకడు, ఇప్పుడు వచ్చినవాడింకొకడు. వీడి కోసం కొత్త కాపలా తయారవడానికి టైం పడుతుంది. ఈలోగా పాత కాపలావాళ్లు లేచి, వీడు మనకి తెలిసినవాడే అనుకుని వెళ్లి పట్టుకుంటారు. పట్టుకుంటారు గానీ ఆ పట్టు చాలదు, చంపలేరు. పైగా ఆ పట్టుకున్న చేత్తోనే వాణ్ని తెల్ల కణాల లోపలికి చేర్చేస్తారు. అక్కడ వాడు పిల్లా పాపలతో వర్ధిల్లుతాడు.

"అప్పుడు ఒళ్లు భయపడిపోతుంది," అంది డాక్టర్. "భయపడి తన మీద తనే కలబడుతుంది. రక్తనాళాలు వదులైపోయి నీరంతా బయటికి ఊరిపోతుంది. బీపీ దిగిపోతుంది. ఇదంతా సరిగ్గా జ్వరం తగ్గినప్పుడే మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు తగ్గిందని సంతోషపడతారు."

భీమేశ్వరరావు గారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు.

"బతుకుతాడా?" అంది దుర్గాంబ గారు. హిందీలో అడిగింది. ఢిల్లీలో ఇన్నేళ్లున్నా ఆవిడ హిందీలో కూరగాయల బేరం తప్ప ఇంకేమీ అడగగా నేను వినలేదు.

"నీరు ఎక్కిస్తున్నాం. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది, తక్కువైతే కిడ్నీలు ఆగుతాయి. మూత్రం రావాలి. అది వచ్చేదాకా ఏమీ చెప్పలేను."

ఆ మాట చెప్పి వెళ్లిపోయింది. మేం అక్కడే ఉండిపోయాం. ఒక మనిషి మూత్రం కోసం అంతమంది దేవుళ్లకి మొక్కుకోవడం నేనెప్పుడూ చూడలేదు. సువార్త ప్రార్థన చేసింది, దుర్గాంబ గారు సత్యనారాయణ వ్రతం మొక్కుకుంది, స్వరూప కొమురెల్లి మల్లన్నని పిలిచింది.

తెల్లారాక సువార్త అద్దాల తలుపు తోసుకుని బయటికి వచ్చింది. "వచ్చింది ఆంటీ," అంది. ఈసారి ఏం వచ్చిందో ఎవరూ తప్పు వినలేదు. "బీపీ కూడా నిలబడుతోంది. ఇంకా రేపటిదాకా చూడాలంటున్నారు డాక్టర్ గారు. గండం పూర్తిగా గడవలేదు. కానీ వచ్చింది."

దుర్గాంబ గారు స్వరూప రెండు చేతులూ పట్టుకుంది. ఏమనాలో తెలియక, "చెప్పుల్లేకుండా వచ్చావే," అంది.

"నీ చెప్పులు ఏస్కొని పోత తియ్," అంది స్వరూప.

అదే సమయానికి మెట్ల మీద జనం మొదలయ్యారు. ముందురోజు భీమేశ్వరరావు గారు ఊరంతా చల్లిన కబురు ఇప్పుడు మొలకలెత్తింది. ఫరీదాబాద్ వెళ్లి, అక్కడ తాళం చూసి, ఎవరో చెబితే ఇక్కడికి వచ్చినవాళ్లు కొందరు. పోయింది దుర్గాంబ గారేనని విన్నవాళ్లు కొందరు. మయూర్ విహార్ పద్మనాభం గారైతే రఘు పోయాడని విని, దండ తెచ్చి, అది వెనక దాచుకుంటూ నిలబడ్డాడు. అందరి ముందుకీ కనకమహాలక్ష్మి గారు కాఫీ గ్లాసుతో నడిచి వచ్చేసరికి ఒకావిడ కెవ్వుమంది.

"ఎవరండీ పోయింది? సరిగ్గా చెప్పండి!" అన్నాడు పద్మనాభం.

భీమేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. ఇంటి గుట్టు కప్పిపుచ్చుతూ ఏదో ఆఫీసు భాషలో సర్దబోతున్నారని నాకు అర్థమైంది. దుర్గాంబ గారు ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"నేను చెప్తాను. తప్పు విన్నది నేను." గోడకి ఆనుకుని నిలబడింది. అందరికీ వినపడేలా అంది. "యాంటీబాడీ అని ఒకటుంటుందట. ఒంట్లో కాపలా. మా రఘుకి పాత యాంటీబాడీ వచ్చింది, ఇంట్లో ఉంచొద్దు, తీసుకురండి అని ఈ పిల్ల చెప్పింది. జనరేటర్ హోరులో నేను పాత ఆంటీ బాడీ అని విన్నాను. పాత ఆంటీ అంటే మన కనకం గారు. ఆవిడ పోయారనుకుని, పిల్లాణ్ని మంచం మీద వదిలేసి, బతికున్నావిడకి దండ పట్టుకెళ్లాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపుకున్నారు.

"నవ్వండి, నవ్వొచ్చే సంగతే. వాడి ఒంట్లోనూ ఇదే జరిగిందని డాక్టరమ్మ చెప్పింది. కొత్త రోగాన్ని చూసి, మనకి తెలిసిన పాతదే కదా అనుకుని ఒళ్లు మోసపోయిందట. నాకూ తెలిసిన మాటే వినపడింది. తెలియని మాట ఒకటి ఉంటుందని తోచలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు ఎవరెవరికి ఫోన్లు చేశారో వాళ్లందరికీ మళ్లీ చేసి చెప్పండి. కనకం గారు ఇదిగో, కాఫీ తాగుతున్నారు. నేను ఇక్కడున్నాను. మా వాడు లోపల ఉన్నాడు, ఊపిరి తీస్తున్నాడు. పోయినవాళ్లు ఎవరూ లేరు. చెడింది నా చెవి ఒక్కటే."